బల్ల దగ్గర ఆరుగురు

ఆవిడ చెయ్యెత్తలేదు. నేరుగా లేచి నిలబడింది.

"ఆ బల్ల సీను తీసేస్తే మీకు మిగిలేది సినిమా కాదు, ఆరు పోస్టర్లు" అంది.

హాల్లో నవ్వులు.

షెర్మన్ ఓక్స్ మాల్‌లో ఆ మధ్యాహ్నం, ఇంకా విడుదల కాని సినిమాని జనానికి చూపించారు. ఆరుగురు సూపర్‌హీరోలు కలిసి ఒక నగరాన్ని కాపాడే కథ. ఆట అయ్యాక ఓ ఇరవై మందిని ఆపి అభిప్రాయాలు అడుగుతున్నారు.

కథ రాసిన లోర్నా ప్రూయిట్ వెనక వరసలో కూర్చుని వింటోంది.

బల్ల సీను అంటే, చివరి యుద్ధానికి ముందు ఆరుగురూ వంటింట్లో బల్ల చుట్టూ కూర్చుని చల్లారిన పిజ్జా తినే నాలుగు నిమిషాలు. ఒక్క గుద్దు ఉండదు. ఎవరూ ఎగరరు. రేపు అందరూ తిరిగి రారని ఆరుగురికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

నిర్మాత గ్యారిక్ స్టోల్ దాన్ని కోసేస్తానని వారం నుంచి అంటున్నాడు.

"అది కోస్తే నా పేరు కూడా కోసెయ్" అని పొద్దున లోర్నా అతని మొహం మీదే చెప్పింది.

"నీ పేరు చూసి ఎవడూ టికెట్ కొనడు తల్లీ" అన్నాడు గ్యారిక్. "సరే, జనాన్నే అడుగుదాం. సగం చేతులు లేస్తే ఉంచుతా. లేకపోతే నోరెత్తకూడదు."

ఇప్పుడు అతను నడవలోకి వచ్చి నిలబడ్డాడు.

"అంత ఏముందమ్మా ఆ సీన్లో?"

"కొట్లాటలో ఎవడికెంత బలముందో తెలుస్తుంది. ఎవరు లేకపోతే ఎవరు బతకలేరో ఆ బల్ల దగ్గరే తెలుస్తుంది" అంది ఆవిడ. అరవై దాటిన మనిషి. "అది తెలీకపోతే ఎవడు పోతే నాకేంటి? పాప్‌కార్న్ నములుతూ చూస్తా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు తలలూపారు.

గ్యారిక్ వెనక్కి తిరిగి లోర్నాని చూశాడు. మళ్లీ ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు సినిమాల్లో పనిచేస్తారా?"

ఇలాంటి ఆటలకు సినిమావాళ్లను రానివ్వరు. వస్తే వాళ్ల మాట లెక్కలోకి రాదు. లేదని ఒక్క ముక్క చెబితే అయిపోయేది.

"చేస్తా" అంది ఆవిడ. "మాల్‌లో నడుస్తుంటే ఎవరో టికెట్ చేతిలో పెట్టారు. గుమ్మం దగ్గర ఎవరూ అడగలేదు. అడిగుంటే అక్కడే చెప్పేదాన్ని."

గ్యారిక్ చప్పట్లు కొట్టాడు.

"చూశారా! మా రచయిత్రిగారు మనిషిని పెట్టుకొచ్చారు. బాగా నేర్పావు లోర్నా!"

లోర్నా లేచింది. ఆవిడ ఇంకో మాట మాట్లాడితే సీను పోయినట్టే.

"ఈవిడెవరో నాకు తెలీదు. బయటికి పంపండి."

అబద్ధం కాదు. అంతకుముందు ఆవిడని ఎన్నడూ చూడలేదు.

ఆవిడ సంచి తీసుకుని తనే నడిచింది. లోర్నా తలుపు దాకా వెంటపడింది.

"మేలు చేద్దామనుకున్నారేమో. నా సీను ముంచారు."

"మీ సీనా?" ఆవిడ నవ్వింది. "సరేలెండి. నాతో ఎందుకు, లోపలికెళ్లి వాడితో కొట్లాడండి."

లోర్నా లోపలికి వచ్చేసరికి గ్యారిక్ చేతులెత్తమంటున్నాడు.

ముందు వరసలో టోపీ పెట్టుకున్న లావుపాటాయన చెయ్యెత్తాడు.

"ఆవిడ ఎవరైతే నాకెందుకు? అన్నది కరెక్టే. నేను ఏడ్చింది అక్కడే. ఏం, ఏడవకూడదా?"

అతని పక్కావిడ ఎత్తింది. ఆ వెనక వరస మొత్తం ఎత్తింది. గ్యారిక్ లెక్కపెట్టడం మధ్యలో మానేశాడు.

"ఉంచుతా" అన్నాడు లోర్నాతో, బయటికి వస్తూ. "కానీ మురిసిపోకు. ఆ ఆరుగురూ ఒక్క నిమిషం కూడా ఒక గదిలో లేరు. ఒక్కొక్కడి డేట్లు ఒక్కో నెలలో. విడివిడిగా తీసి కంప్యూటర్లో అతికించాం. ఆ ప్రేమంతా అతుకే."

"అతుకు చూసి జనం ఏడుస్తారా?" అంది లోర్నా.

గ్యారిక్ ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

మర్నాడు ఆమె బర్‌బ్యాంక్‌లో ఎడిటర్ వార్తాన్ గదికి వెళ్లింది. షూటింగ్‌కి రచయితలను పిలిచే అలవాటు ఆ కంపెనీకి లేదు.

"ఎదురుగా మనిషి లేకుండా వాళ్ల కళ్లల్లోకి అంత ఎలా వచ్చింది?" అని అడిగింది. "కర్రకి టెన్నిస్ బంతి గుచ్చి దాన్నే చూడమంటారటగా?"

"మొదట బంతే పెట్టారు. బంతికి చెప్పడానికి నా దగ్గర ఏ మాటా లేదని మొదటి హీరో లేచిపోయాడు" అన్నాడు వార్తాన్. "అప్పుడు ఒకావిడని కూర్చోబెట్టారు, మిగతా అయిదుగురి మాటలూ చదవడానికి. అది చూసి మిగతావాళ్లూ ఆవిడే కావాలన్నారు. ఆవిడ గొంతు తీసెయ్యని ముక్క ఉంది, విను."

తెరమీద మొదటి హీరో ఒక్కడే ఉన్నాడు. కెమెరా వెనక నుంచి ఎవరో మాటలు అందిస్తున్నారు.

లోర్నా కాఫీ కప్పు కింద పెట్టింది. నిన్న హాల్లో విన్న గొంతు అది.

"రెండోవాడిది పెట్టు."

అదే గొంతు. మూడోదీ అంతే. ఆరోదీ అంతే.

"ఎక్కడుంది ఈవిడ?"

"ఆవిడ పేరు ఒడెస్సా. సినిమా గురించి బయట మాట్లాడనని సంతకం పెట్టిన మనిషి. నిన్న ఎక్కడో అందరి ముందూ మాట్లాడిందని ఎవరో గుర్తుపట్టి చెప్పారట. పొద్దునే పనిలోంచి తీసేశారు. ఫోన్ చేశా, ఎత్తట్లేదు."

లోర్నా లేచింది.

"టైటిల్స్‌లో పేర్లు వేసేశారా? ఆవిడ పేరు కూడా ఉండాలి."

"ఇంకా లేదు. కానీ గ్యారిక్ ఒప్పుకోడు."

"ఒప్పుకోకపోతే నా పేరు కొట్టేసి ఆ చోట్లో ఆవిడది వెయ్యమంటా. ఇప్పుడే వెళ్లి చెబుతా. ముందు ఆ సీను ఒక్కసారి పెట్టు."

వార్తాన్ పెట్టాడు.

తెరమీద ఆరుగురూ బల్ల చుట్టూ కూర్చుని ఒకరినొకరు చూసుకుంటున్నారు, ఆరుగురూ చూస్తున్నది ఒడెస్సానే.