ఊరంతా వెతికే సైటు

“మళ్లీ ఆ సతాయింపు తాతేనా? నంబరు బ్లాక్ చేసెయ్,” అన్నాడు మేనేజరు.

ప్రోగ్రామరమ్మాయి వినిపించుకోలేదు. ఫోనెత్తింది.

రక్తదాతల వెబ్‌సైటు వాళ్లది. కావలసిన గ్రూపూ, ఆస్పత్రి పేరూ కొడితే దగ్గర్లోని దాతల పేర్లు రావాలి.

“ఇవాళా చక్రమే తిరుగుతోందమ్మా. పేర్లు రావట్లేదు.”

“మళ్లీ ఆ దొరకని గ్రూపేనా తాతగారూ?”

“అదే. అసలెక్కడ వెతుకుతోంది మీ సైటు?”

“దేశంలో ఉన్న దాతలందరి దూరమూ కొలిచి, అప్పుడు దగ్గరివాళ్లని ఏరుతుందండీ.”

“చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది! మార్చేదాకా వదలను. నంబరు బ్లాక్ చేస్తే పక్కింటి ఫోన్లోంచి చేస్తా.”

ఆమెకు నవ్వొచ్చింది. ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

“సార్, ముందు ఆస్పత్రి చుట్టూ ఓ గడి గీద్దాం. ఆ గడిలో ఉన్నవాళ్ల దూరమే కొలుద్దాం. రెప్పపాటులో పేర్లొస్తాయి.”

“నడుస్తున్న బండిని కెలక్కు.”

“నడవట్లేదు సార్, దేకుతోంది.”

“నీకెందుకు? చెప్పింది చెయ్యి.”

ఆమె ఊరుకోలేదు. ఓ పక్క ఇచ్చిన పని చేస్తూనే, మరో పక్క ఆ గడి పని మొదలుపెట్టింది.

ఈలోగా తాతగారి ఫోన్లు ఆగిపోయాయి.

“పీడా వదిలింది,” అన్నాడు మేనేజరు.

పని పూర్తవగానే ఎవరికీ చెప్పకుండా సైటులో పెట్టేసింది. మేనేజరు రుసరుసలాడుతూ వచ్చాడు.

“ఎవర్నడిగి మార్చావ్?”

“ఎవర్నీ అడగలేదు. నొక్కి చూడండి.”

నొక్కాడు. వేలు తీసేలోగా పేర్లు వచ్చేశాయి.

“అయినా సరే, పాతదే పెట్టు. నా మాటంటే లెక్కలేదా?”

“నన్ను తీసేస్తే తీసెయ్యండి సార్. దీన్ని మాత్రం తియ్యను.”

అతను ఇంకోసారి నొక్కి చూసి వెళ్లిపోయాడు.

ఆమె వెంటనే తాతగారికి ఫోన్ చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

“మామయ్యగారు పోయి వారమైందమ్మా. నిద్రలోనే.”



“ఆయన ఆ రక్తం కోసం రోజూ వెతికేవారు... రోగి ఎలా ఉన్నారండీ?”

“మా ఇంట్లో రోగులెవరూ లేరమ్మా. కిందటేడు మా పక్కవీధి ఆస్పత్రిలో ఓ పసిపాప ఆ రక్తం దొరక్క చనిపోయింది. వాళ్లు మీ సైటులోనే వెతికారట.”

“మరి తాతగారు...?”

“ఆ రక్తం ఉన్నది మామయ్యగారికేనమ్మా, మీ సైటులో దాతగా ఇచ్చిన తన పేరు ఇప్పుడైనా పైకొస్తుందేమోనని రోజూ చూసుకునేవారు.”