తమ్ముళ్లకీ మైలే

మండలం ఎన్నికల సభలో మామిడితోటల ఆసామి గంగాధరం, తన కోత కూలీ పోతురాజు భుజమ్మీద చెయ్యేసి, "వీడు నా తోడబుట్టిన తమ్ముడండీ!" అన్నాడు. ఓట్లు పడ్డాయి. పిలుపుకేం, ఖర్చా?

ఎండాకాలంలో ఆయన తల్లి పోయింది. పోతురాజు పాడె పట్టబోతే, "ఒరేయ్, ముట్టుకోకు! దూరం!" అని అందరి ముందూ గెంటించాడు.

మర్నాడు తోటకి లారీలొచ్చాయి. కోతకొచ్చిన కాయ రాలిపోతోంది. కూలీల పేట నుంచి ఒక్కడూ కదల్లేదు. గంగాధరం తడిబట్టలతోనే పేటకి పరుగెత్తుకొచ్చాడు.

"తమ్ముడూ, నీ వాళ్లని చెట్లెక్కించరా. నా కొంప మునుగుతోంది!"

పోతురాజు నోట ఎప్పుడూ పలికే "అయ్యగారూ" ఈసారి రాలేదు.

"అమ్మ పోయింది కదన్నయ్యా. తమ్ముళ్లకీ మైలే. పెద్దకర్మ అయ్యేదాకా మేమెవరమూ కాయ ముట్టకూడదు. రాలితే రాలనీ."