నీలం గేటు ఇల్లు

పొద్దున్నే పనికి వెళ్లేటప్పుడు ఆకుపచ్చగా ఉన్న గేటు, పదిన్నరకి యాదిరా తిరిగొచ్చేసరికి నీలంగా మారిపోయి ఉంది.



తాకి చూసింది. వేలికి రంగు అంటింది.

పదకొండింటికి బ్యాంకు మనిషి వస్తాడు!

కోస్టారికా రాజధాని సాన్ హోసేలో ఆ పేటలో ఇళ్లకు నంబర్లు లేవు. కాలిపోయిన సినిమా హాలు నుంచి నూటయాభై మీటర్లు దక్షిణం, ఆకుపచ్చ గేటు. అదీ యాదిరా చిరునామా. హాలు కాలి నలభై ఏళ్లయింది. ఇప్పుడక్కడ టైర్ల కొట్టుంది. అయినా టైర్ల కొట్టు అని ఎవరూ చెప్పరు.

పోయిన వారం బ్యాంకు మనిషి వచ్చినప్పుడు ఆమె పనిలో ఉంది. అతను 'ఇల్లు దొరకలేదు' అని రాసుకుని వెళ్లిపోయాడు.

"ఇంకొక్కసారే పంపిస్తాం. ఈసారీ దొరక్కపోతే మీకు ఖాతా లేదు" అంది బ్యాంకులో అమ్మాయి.

ఖాతా లేకపోతే ఉద్యోగం లేదు.

నికరాగువా నుంచి వచ్చిన పదకొండేళ్లుగా యాదిరా ఎవరెవరి వంటిళ్లలోనో వండింది. ఇన్నాళ్లకి ఒక బడిలో పెద్ద వంటమనిషిగా ఆమె పేరు ఖాయమైంది. జీతం బ్యాంకులోనే వేస్తారు. రేపటిలోగా ఖాతా నంబరు ఇవ్వకపోతే, జాబితాలో తరవాతి మనిషిని పిలుస్తారు.

"ఎవరు చేశారీ పని?" వీధంతా వినపడేలా అరిచింది.

అప్పుడే బజారు సంచులతో ఇంటి యజమానురాలు దోన్యా సెనైదా వచ్చింది. సంచులు అక్కడే వదిలేసింది.

"అయ్యో, నా గేటు! రెండేళ్ల కిందట ఇల్లు కొన్నరోజే ఏరికోరి ఆకుపచ్చ వేయించుకున్నానే! మీవాళ్ల పనేనా ఇది? మీ నికరాగువా జెండాలో ఉన్నది నీలమేగా?"

"మీ కోస్టారికా జెండాలో లేదా నీలం?"

దోన్యా సెనైదా వీధి అటూ ఇటూ చూసింది.

యాదిరా చూపు ఎదురింటి మీద పడింది. అరుగు మీద ముసలాయన. పేరు ఎవెలియో. రెండు నెలల కిందట తన అక్క ఇంట్లో వచ్చి చేరాడు. పొద్దస్తమానం కూర్చుని ఒక్కొక్క గేటే చూస్తుంటాడు. ఎందుకలా చూస్తాడో ఎవరూ అడగలేదు.

ఆయన బూట్ల మీద నీలం చుక్కలు!

యాదిరా ఒక్క అంగలో వీధి దాటింది.

"మీరేనా?"

"రంగు బాగా కుదిరింది కదూ?" అన్నాడాయన.

"మీకు నేనేం అపకారం చేశాను? గేటు సరిగ్గా ఉన్నప్పుడే బ్యాంకు మనిషి ఇల్లు దొరకలేదన్నాడు. ఇవాళ పదకొండింటికి మళ్లీ వస్తే నేనేం చెప్పుకోను?"

"పదకొండు కానీయమ్మా."

"పిచ్చి ముదిరింది. పోలీసుల్ని పిలుస్తానుండు!" అంది దోన్యా సెనైదా.

"పిలవండి. ఇల్లెక్కడంటే ఏం చెప్తారు? ఆకుపచ్చ గేటనా, నీలం గేటనా?"

యాదిరాకి నవ్వు రాలేదు.

"తనకి పనిలేని మనిషి ఇంకొకరి పని కూడా పోగొడతాడు" అంది.

ఆ మాటకి ముసలాయన తల దించుకున్నాడు. బూటు మీది చుక్కని గోటితో గీకుతూ ఉండిపోయాడు.

మోటారు సైకిలు వచ్చి ఆగింది.

బ్యాంకు మనిషి హెల్మెట్ తీసి, కాగితం విప్పాడు.

"కాలిపోయిన సినిమా హాలు... నూటయాభై మీటర్లు... దక్షిణం..."

తలెత్తాడు. గేటు వైపు చూశాడు.

"నీలం గేటు. సరిపోయింది."

కాగితం మీద టిక్కు పడింది.

"నీలమా? బ్యాంకులో నేను ఆకుపచ్చని చెప్పానే!"

"మీ నోటిమాట చెల్లదమ్మా. రెసిడెన్సీ కార్డు కాగితాల్లో ఉన్నదే చూస్తాం. మూడేళ్ల కిందట మీరు రాసిచ్చిందే."

మూడేళ్ల కిందట గేటు నీలమే. అద్దెకు దిగిన కొత్తలో అలాగే రాసిచ్చి, ఆ సంగతే మరిచిపోయింది.

అతను ముక్కు ఎగబీల్చాడు. దోన్యా సెనైదా నోరు తెరవబోయింది. యాదిరా ఆమె కాలు తొక్కింది.

"నా పని రంగు చూడటం. వాసన చూడటం కాదు" అని అతను కలం అందించాడు. "సంతకం పెట్టండి. సాయంత్రానికి ఖాతా నంబరు వస్తుంది."

యాదిరా దెల్ సొకోర్రో ఉర్బీనా. ఒక్క అక్షరం కూడా మింగకుండా, నిటారుగా నిలబడి, పూర్తి పేరు రాసింది.

బండి వెళ్లిపోయింది. ఆమె మళ్లీ వీధి దాటింది. ఈసారి అడుగులు నెమ్మదిగా పడ్డాయి.

"దోన్ ఎవెలియో" అంది. పేరుకి ముందు గౌరవంగా 'దోన్' పెట్టి ఆమె ఆయన్ని పిలవడం అదే మొదలు. "మీకెలా తెలిసింది?"

"పోయిన వారం అతను నన్నే అడిగాడు, నీలం గేటు ఎక్కడని. అదేనయ్యా, రంగు మార్చారంతే అన్నాను. కాగితంలో ఉన్నట్టు లేకపోతే కుదరదన్నాడు. ఆఫీసులో కాగితం మార్పించాలంటే ఆరు నెలలు. గేటు మార్చడానికి ఒక్క డబ్బా చాలు."

"నన్నడిగి వేయొచ్చుగా!" అంది వెనకనుంచి దోన్యా సెనైదా.

"అడిగితే ఒప్పుకునేవారా?"

ఆమె సంచులు తీసుకుంది.

"నేను మీకెవరినని ఇంత తంటా పడ్డారు?" అంది యాదిరా.

ముసలాయన నడుం నిటారు చేసి కూర్చున్నాడు.

"చెప్పకుండా వేయడం తప్పే, ఒప్పుకుంటున్నానమ్మా. కానీ ఆ సినిమా హాలు కాలకముందు నుంచీ ఈ పేటకి పోస్ట్‌మాన్‌ని నేనే. పనిచేసిన ముప్పై నాలుగేళ్లలో ఇల్లు దొరకలేదని ఒక్క ఉత్తరాన్ని కూడా వెనక్కి పోనివ్వలేదు. నిన్ను పోనిస్తానా?"