కీచు పుల్లీ

డ్రిల్లు మాస్టారు పుల్లీని గోడకేసి కొట్టారు. అది గోడకు తగిలి, గచ్చు మీద గెంతి, పక్కనే నిలబడ్డ భార్య చీలమండకు తగిలి ఆగింది. ఆమె కిక్కురుమనలేదు. అరిస్తే రెండో దెబ్బ పడుతుందన్న సంగతి ఆమెకు కొట్టిన పిండి.

"ఇది మూడోది! వేసిన నెలకే కుయ్యోమంటోంది. ఆ స్పేరుపార్టుల కొట్టువాడి పళ్లు రాలగొట్టకపోతే నా పేరు మార్చుకుంటా!"

మాస్టారు బళ్లో పిల్లలకు డ్రిల్లు నేర్పుతారు. ఆదివారం కూడా మెడలో ఈల ఉంటుంది. నోరూ చెయ్యీ ఒకేసారి లేస్తాయి. కారు ఇంజను పక్కన బెల్టు వదులవకుండా పట్టి ఉంచే చిన్న చక్రం ఈ పుల్లీ. అది పాడైతే, కారు వీధి మలుపు తిరక్కముందే కీచుమంటూ అందరికీ చాటేస్తుంది. అంతటి మనిషికి ఎంత అవమానం! మెకానిక్కులంతా దొంగలని తేల్చేసి, ఇంట్లోనే మార్చుకుంటున్నారు.

"ఇలా తగలడు. ఈ స్పానరు నొక్కి పట్టుకో. వదిలావో, చంపేస్తా."

లోపల గట్టి స్ప్రింగు ఉంది. దాన్ని నొక్కి పట్టుకుంటేనే బెల్టు వదులవుతుంది. పోయిన వారం మెలితిప్పిన ఆమె కుడి మణికట్టు వాపు ఇంకా తగ్గలేదు. ఎడమ చేత్తో నొక్కింది. జారింది. స్ప్రింగు ఫట్‌మని వెనక్కి తన్నింది. మాస్టారి వేళ్లు చెక్కుకుపోయాయి.

తన రక్తం కళ్లబడగానే ఆయన ఆమె జుట్టు పట్టుకుని కారు అంచుకేసి కొట్టారు.

వరండాలో మనవడి చొక్కాకు గుండీ కుడుతున్న మాస్టారి తల్లి తలెత్తింది.

"అయ్యో, చేతికి దెబ్బ తగిలిందా నాన్నా? అమ్మాయ్, కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని పట్టుకో."

నుదుటి మీద రక్తం తుడుచుకుని కోడలు మళ్లీ స్పానరు అందుకుంది.

"అమ్మా, కొత్తది ఇటివ్వు."

కొన్నప్పటి నుంచీ కొత్త పుల్లీ తల్లి దగ్గరే ఉంది. ఈ ఇంట్లో ఆయన నమ్మేది ఆవిడొక్కతినే. ఆవిడ దాన్ని కొంగుతో శుభ్రంగా తుడిచి అందించింది.

"ఈ కిరసనాయిలు కంపేంటమ్మా?"

"మోకాళ్లకు రాసుకున్నాన్రా. మీ నాన్న చెప్పులూ ఇంతే. ఎన్ని జతలు కొన్నా నాలుగు రోజులకే కిర్రుమనేవి. చివరిదాకా చెప్పులు కుట్టేవాణ్ణి తిట్టుకుంటూనే పోయాడు."

పుల్లీ బిగించారు. కారు స్టార్ట్ చేశారు. చిన్న కూత కూడా లేదు. మాస్టారు మీసం దువ్వుకున్నారు.

మర్నాడు సాయంత్రం కారు చడీచప్పుడు లేకుండా ఇంటి ముందు ఆగింది. రోజూ ఆయన వచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంటుంది. భోజనం వడ్డించి ఉంటుంది. పిల్లలు పక్కింట్లో చదువుకుంటూ ఉంటారు. ఇదంతా తన క్రమశిక్షణ చలవేనని ఆయన గట్టి నమ్మకం. ఆ రోజు గేటు వేసి ఉంది. లోపల ఒకటే నవ్వులు.

కొడుకు మంచమెక్కి, ఛాతీ విరుచుకుని, ఈల బదులు చెంచా మెడలో వేలాడదీసుకున్నాడు. "అటెన్షన్! పళ్లు రాలగొట్టకపోతే నా పేరు మార్చుకుంటా!" కూతురు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. భార్య కూడా. ఆమె నవ్వగా ఆయన చూసి ఎన్నేళ్లయిందో.

మాస్టారు నడుముకున్న బెల్టు విప్పారు.

ఆమె పిల్లల మీద పడి వాళ్లను కప్పేసింది. బకిలు ఆమె వీపు మీద పడుతున్న చప్పుడు వీధంతా విన్నది. ఎవరూ రాలేదు. ఆమె రవిక తడిసి ఎర్రబడ్డాక ఆయన తల్లి అడ్డొచ్చింది.

"చాల్లేరా, నీ చెయ్యి నొప్పెడుతుంది."

నెల తిరక్కముందే కారు మళ్లీ కీచుమంది. మాస్టారు పుల్లీ విప్పి, చేతబట్టుకుని కొట్టుకు నడిచారు. మాటా మంతీ లేకుండా కొట్టువాడి చెంప ఛెళ్లుమనిపించారు. అతను కింద పడ్డ కళ్లజోడు వెతుక్కుని, పుల్లీని తిప్పి, మూత లేపి చూశాడు.

"నా తప్పు కాదు సార్. ఇందులో గ్రీజు చుక్క కూడా లేదు. ఎవరో కడిగేశారు."

మాస్టారు కొత్త పుల్లీ లాక్కుని ఇంటికొచ్చారు. గడియ పెట్టారు. భార్య అరచేతిని బల్ల మీద అదిమిపట్టి సుత్తి ఎత్తారు.

"నీ పనేనా?"

"పిల్లల మీద ఒట్టు, నాకేం తెలీదండీ!"

ఆ కీచు వినబడగానే పిల్లల్ని పక్కింటికి తరిమేయడం తప్ప నిజంగానే ఆమె ఏ పాపమూ ఎరగదు. సుత్తి చిటికెన వేలి మీద దిగింది. ఉంగరం వేలి మీదికి లేచింది.

తల్లి పెరటి తలుపులోంచి పరుగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"దానికంత తెలివెక్కడిదిరా! కొట్టువాడు తప్పించుకోడానికి ఏదో వాగితే నువ్వు నమ్మావా? కొత్తది నా ఒళ్లో పెట్టు. నన్ను దాటి దాన్ని ఎవరు ముట్టుకుంటారు? అప్పుడూ కూసిందంటే తప్పు వాడిదే."

మాస్టారికి సబబుగానే తోచింది. పుల్లీ డబ్బా తల్లి ఒళ్లో పెట్టి, వెళ్లి పడుకున్నారు.

లోపల గురక మొదలయ్యాక, ఒకప్పుడు మొగుడి చెప్పుల్ని నానబెట్టి ఎండబెట్టి కిర్రుమనిపించిన ఆ ముసలి చేతులు సూదిమొనతో కొత్త పుల్లీ మూత మెల్లగా పైకి లేపి, లోపలి గ్రీజంతా పోయేదాకా కిరసనాయిలుతో కడిగాయి.