బావి గట్టున గ్రహాలు

మూడేళ్ల బిడ్డ పుష్పను చంకనేసుకొని శారదమ్మ ఊరి బయటి మోటబావికి వచ్చేసరికి, గట్టు మీద ఎవరో కొత్త మనిషి కూర్చొని ఉన్నాడు.

"కడవ తేలేదేందమ్మా?" అన్నాడు.

శారదమ్మ బిడ్డను గట్టిగా అదుముకుంది.

"నీకెందుకయ్యా? ఎవలు నువ్వు?"

"మర్రిగూడ మాది. జర సేపు కూసుందామని ఆగిన."

ఆమె వెనక్కి తిరిగి ఇంటికి పోయింది.

పంతొమ్మిది వందల అరవై రెండు, ఫిబ్రవరి మొదలు. ఎనిమిది గ్రహాలు ఒక్క రాశిలో చేరుతున్నాయనీ, భూమి బద్దలవుతుందనీ కట్టంగూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ వణుకుతున్నాయి. మగ్గాలు ఆగిపోయాయి. శారదమ్మ భర్త పానగల్లులో హోమం చేస్తున్నారని వెళ్లాడు. కళ్లముందే బిడ్డ చస్తుంటే చూడలేననుకుంది ఆమె. ఆ లోపే ఇద్దరమూ పోతే నయమనుకుంది.

పొద్దుగూకే వేళ మళ్లీ వచ్చింది. అతను కదల్లేదు.

"దొంగవా? ఏం కాజేద్దామని కూసున్నవ్?"

"దొంగను కాదమ్మా. ఆకాశం ముచ్చట్లంటే నాకు పిచ్చి. పేపర్ల ఏ చుక్క గురించి వచ్చినా చదువుత. నిరుడు ఒక మనిషి ఆకాశంలకు పోయి, భూమిని చుట్టి పానంతోని తిరిగొచ్చిండు, తెల్సా?"

"రేపు ఆ భూమే ఉండదట!"

"ఉంటది."

"నీకు పెండ్లాం పిల్లలు లేరా? ఇంటికి పోరాదు!"

అతను బావిలోని నీళ్ల వైపు చూశాడు. ఆ మొహం చూసి శారదమ్మ బిడ్డతో మళ్లీ ఇంటికి మళ్లింది.

తెల్లారి వస్తే అక్కడే ఉన్నాడు. రాత్రంతా నిద్రలేక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. గట్టు మీద రేగుపండ్లు ఒకదాని వెనక ఒకటి ఎడంగా పేర్చి పుష్పను పిలిచాడు.

"బిడ్డా, గీడ వంగి చూడు. అన్నీ ఒక్కతాన్నే ఉన్నట్టు లేవూ? ఇగ పక్కకొచ్చి చూడు. ఎంతెంత దూరమున్నయి! గ్రహాలు కూడా గంతే. మన కండ్లకే గట్ల కనవడ్తయి. గుద్దుకోవు, మీద పడవు. ఇగో, గిది శని."

పుష్ప చటుక్కున దాన్ని నోట్లో వేసుకుంది.

"అమ్మా, శనిని తిన్న!"

ఎన్నాళ్లకో శారదమ్మ నవ్వింది. నవ్వుతూనే గట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అతను ఓదార్చలేదు. ఆమె లేచి బిడ్డతో ఇంటిదారి పట్టేదాకా అట్లాగే నిలబడ్డాడు.

గండం గడిచింది. పొద్దు ఎప్పటిలాగే పొడిచింది. శారదమ్మ జొన్నరొట్టెలు మూట కట్టుకొని బావి దగ్గరికి వెళ్లింది. ఎవరూ లేరు. రోడ్డు దాకా ఉరికింది.

"గా మర్రిగూడాయననా? ఇప్పుడే బస్సెక్కిండు," అన్నాడు చాయ్ హోటల్ గండయ్య. "ఇంటికాడ ఇయ్యాల దినాలట."

"ఎవలియి?"

గండయ్య చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"పెండ్లాంవి, బిడ్డవి. గీ గ్రహాల భయానికే ఆమె బిడ్డనెత్తుకొని బాయిల దూకిందట శారదమ్మా... గప్పుడు ఆయన పట్నంల దుర్బిన్ పెట్టుకొని చుక్కలు చూస్తున్నడట."