ఎర్ర సున్నాలు

సున్నాల మేడం మీటింగు గదిలోకి వస్తూనే ఫైలు బల్ల మీద పడేసింది. సైటు తయారుచేసిన కుర్రాడు అప్పటికే కూర్చుని ఉన్నాడు. లేవలేదు సరికదా, చెవిలో ఇయర్‌ఫోన్ కూడా తీయలేదు. పాటలు కాబోలు.

వికలాంగులు వాడుకునేలా వెబ్‌సైట్లు ఉన్నాయో లేదో తేల్చడం ఆవిడ పని. తప్పున్న ప్రతి పేజీనీ ఫొటో తీసి, తప్పు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పంపుతుంది. ఆ పేరు అలా వచ్చిందే. ఈ ఆసుపత్రి సైటు మీద ఇప్పటికే రెండు రిపోర్టులు పంపింది. ఇతను ఒక్క సున్నా కూడా సరిచేయలేదు. ఈసారీ తప్పితే ఉద్యోగం ఊడుతుందని పైవాళ్లు చెప్పేశారు. అయినా మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు.

"నా రిపోర్టు చూశారా?"

"అందులో ఏముందండీ, ఒక్క ముక్క లేదు."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"తెల్ల పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు పెట్టారు. మా నాన్నలాంటి చూపు ఆనని మనిషి డాక్టరు నంబరు ఎలా చదువుకుంటాడు?"

"నాకు బాగానే అందుతోంది."

"మీ వయసులో ఎవరికైనా అందుతుంది లెండి."

"తప్పులేమిటో మాటల్లో రాయమని రెండుసార్లు మెయిల్ పెట్టాను."

ఆ మెయిళ్లు వేళాకోళమనుకుని ఆవిడ అప్పుడు జవాబివ్వలేదు.

"సున్నా చుట్టి చూపించాక కూడా మాటలు కావాలా? నేనేమన్నా మీకు ట్యూషన్ చెప్పడానికొచ్చానా?"

కుర్రాడు ముందున్న ల్యాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ పనిలో మీకు చాలా పేరని విన్నాను. సరే, మీ ఇష్టం వచ్చింది రాసుకోండి."

ఒక్కటి మాత్రం ఆవిడ ఒప్పుకోవాలి. మౌస్ ముట్టుకోకుండా, కీబోర్డుతోనే సైటంతా తిరిగి రావచ్చు. అంత సాఫీగా నడిచే సైటు ఆవిడ ఇంతవరకూ చూడలేదు. అంటే పని రాక కాదు, పొగరు. అదే ఆవిడకి మరీ కడుపుమంట.

ఎర్ర పెన్ను తీసి కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, అతని ముందుకి తోసింది. అతను దానివంక చూడలేదు.

"ఏం రాశారు?"

"ఫెయిల్ అని," కసిగా అంది. "ఇక మీరు వెళ్లొచ్చు."

అతను ఇయర్‌ఫోన్ తీయగానే, తెర మీది అక్షరాలు గబగబా చదువుతున్న గొంతు అందులోంచి సన్నగా వినిపించింది. ల్యాప్‌టాప్ మూసి, ఇయర్‌ఫోన్ జేబులో వేసుకుని, సంచిలోంచి మడతపెట్టిన తెల్లకర్ర తీసి విదిల్చి, నేల తడుముకుంటూ తలుపువైపు నడిచాడు.