పిందె మీద పందెం

"ఆ వేలు దించు!"

పెంటమ్మ కేకకు సొరపాదు మీది పిట్టలు లేచిపోయాయి. పందిరి కింద నిలబడ్డ శిల్ప మాత్రం వేలు దించలేదు. పైగా బొటనవేలంత పిందెకు మరింత దగ్గరగా పెట్టింది.

"దీనికేనా అవ్వా?"

"పిందెకు వేలు చూపిస్తే కుళ్లి రాలిపోతది. మీ అమ్మ చెప్పలేదా పిల్లా?"

"చెప్పింది. నేనే నమ్మలే."

నాగర్‌కర్నూల్‌లోని ఆ కాలనీ నడుమ ఉన్న ఖాళీ జాగా రెండేళ్ల కిందటి దాకా చెత్తకుప్ప. కాలనీవాళ్లే ఆదివారాలు పారలు పట్టి తోట చేశారు. తలా ఒక మడి. సొరపందిరి మాత్రం అందరిదీ. తెలకపల్లి నుంచి విత్తనం తెచ్చింది పెంటమ్మ. అందుకని పందిరి పెద్దరికమూ, గేటు తాళంచెవీ ఆమెవే. ఆమె నియమం ఒక్కటే. పిందెలను చూడాలంటే చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి.

శిల్ప పక్కవీధి బడిలో సైన్స్ టీచరు. ఆరోతరగతి పిల్లలను ప్రతి శనివారం తోటకు తీసుకొస్తానని వాళ్లకు మాటిచ్చేసింది. నలభై మంది. అంటే నలభై చూపుడువేళ్లు. పెంటమ్మ ససేమిరా అంది.

పందిరి వేసిన కురుమయ్య మధ్యలో దూరాడు. తగవు తీర్చడం కంటే చూడడం ఆయనకు ఇష్టం.

"లొల్లి ఎందుకక్కా? పందెం కట్టుండ్రి. ఈ పిందెకు టీచరమ్మ రోజూ వేలు చూపిస్తది. పది దినాలల్ల రాలిందా, పిల్లలు రారు, టీచరమ్మ గూడ రాదు. నిలబడి కాయైందా, గేటు తెరుసుడే. ఆ కాయతోని పప్పు వండి పెట్టేది గూడ నువ్వే."

"సరే. నేనైతే పందిరి దిక్కు గూడ రాను. మళ్ల నా చెయ్యి తగిలి రాలిందంటరు," అంది పెంటమ్మ.

"నాదొక షరతు," అంది శిల్ప. "దానికి దిష్టి గిష్టి తియ్యొద్దవ్వా. నిమ్మకాయ కట్టుడు, ఉప్పు తిప్పుడు ఏం వద్దు. పరీక్ష ఖరాబైతది."

"నేనెందుకు తీస్తనే? అది రాలితే గెలిచేది నేను!"

కురుమయ్య పకపకా నవ్వాడు.

మర్నాటి నుంచి రోజూ ఒకటే వరస. ఆరింటికి పెంటమ్మ గేటు తీస్తుంది. వెనకే శిల్ప వస్తుంది. పెంటమ్మ తోట మూలన తులసి దగ్గర దీపం పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటుంది. తెరిచేసరికి శిల్ప పందిరి కింద వేలు చాపి నిలబడి ఉంటుంది.

"చూస్తున్నవా అవ్వా? మళ్ల చూపియ్యలే అనొద్దు."

"చూపియ్యి, చూపియ్యి. ఎన్ని దినాలు చూపిస్తవో నేనూ చూస్త."

మూడోరోజుకు పక్క తీగ మీది పిందెలు రెండు పసుపు తిరిగి రాలాయి. వేలు చూపించుకున్న పిందె మాత్రం అరచేయంత అయింది.

"అక్కా, మరి వీటికెవరు చూపిచ్చిండ్రు?" అన్నాడు కురుమయ్య, రాలిన రెంటినీ అరచేతిలో పెట్టుకుని.

"నువ్వు నీ పని చూసుకో తమ్మీ," అంది పెంటమ్మ.

ఐదోరోజు శిల్ప చూపుడువేలి కొసన నల్లటి మరక కనబడింది.

"ఏందే అది?"

"బోర్డు మీద రాసే మార్కర్ అవ్వా. ఎంత కడిగినా పోతలేదు."

"పిందెకు చూపిన వేలు గట్లనే నల్లగైతది. ఇప్పటికన్న మానుకో."

ఏడోరోజు దీపం ముందు పెంటమ్మ మొక్కు సగంలో ఆపేసింది. రోజూ అడిగేది ఒకటే, "నా మాట నిలబెట్టు తల్లీ" అని. కానీ మాట నిలబడాలంటే పిందె రాలాలి. తన చేత్తో విత్తు పెట్టిన పాదు అది. దాని కాయ చావాలని దేవతను అడుగుతారా? అడిగితే ఇస్తుందా? ఇస్తే, ఇక ఆమెను దేనికని మొక్కాలి? ఇన్ని ప్రశ్నలు ఒక్కసారే వచ్చేసరికి హడలిపోయి లెంపలు వేసుకుంది. "నీ ఇష్టం తల్లీ," అని లేచింది.

ఆ రోజు దండం తొందరగా అయిపోయింది. పందిరి కింద శిల్ప ఉలిక్కిపడి, ఆకుల్లోంచి చేయి వెనక్కి తీసుకుంది.

"అప్పుడే అయిందా అవ్వా?"

"ఏం చేస్తున్నవే ఆడ?"

"కొలుస్తున్న. జానెడైంది!"

పెంటమ్మ ముఖం ముడుచుకుంది. అయినా జానెడు అన్న మాటకు లోపల ఎక్కడో సంబరంగానే ఉంది.

పదోరోజు శనివారం. కాయ నవనవలాడుతూ వేలాడుతోంది. మాట మాటే కాబట్టి పెంటమ్మ గేటు బార్లా తెరిచింది. నలభై మంది బిలబిలా వచ్చి పడ్డారు. నలభై వేళ్లు పైకి లేచాయి. పెంటమ్మ ఊపిరి బిగబట్టింది. ఒక్క పిందె కూడా రాలలేదు.

శిల్ప కాయ కోసి, పిల్లలందరి ముందూ ఆమె చేతుల్లో పెట్టింది.

"ఓడిపోయినవ్ అవ్వా. ఇప్పటికన్న ఒప్పుకుంటవా, అదంత ఉత్త మూఢనమ్మకమని?"

పిల్లలు చప్పట్లు కొట్టారు. కురుమయ్య ఈల కూడా వేశాడు.

"ఒప్పుకుంట బిడ్డా. చదువుకున్నదానివి, నీకు తెల్వదా?" అని పెంటమ్మ పప్పు వండడానికి కాయను చంకన పెట్టుకుని నల్లా దగ్గరికి నడిచింది.

నీళ్ల కింద కాయను తిప్పి రుద్దుతుంటే, తొడిమ పక్కన ఇన్నాళ్లూ ఆకు చాటున ఉన్న వైపు, పసిబిడ్డ అరికాలికి పెట్టినట్టు గుండ్రంగా దిద్దిన కాటుక చుక్క చెదిరి, అచ్చం టీచరమ్మ మార్కర్ మరకలాగే పెంటమ్మ వేలికి అంటుకుంది.